రెండవ పొట్లము

ప్రభుత్వాసుపత్రులలో సుఖవ్యాధుల చికిత్సకై వెలసిన సురక్షా క్లినిక్కునకు, మూత్రమార్గమున చీము వచ్చుచున్నదని యెవరైనను వెళ్ళినపుడు, వైద్యుడు పరీక్షించి, ఏ వ్యాధివర్గమునకు ఏ రంగో ముందే నిర్ణయించి కట్టియుంచిన మందుపొట్లములలోనుండి బూడిదవన్నె దానిని తీసి యిచ్చును. అందులో నుండునవి అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. ఒక్కమారు మ్రింగిన చాలును. భార్యనో, భర్తనో, సహచరులనో వెంటబెట్టుకొని రమ్మనుట ఉత్తమమార్గము. అది సాధ్యపడనిచోట అదే రంగు పొట్లము మరియొకటి, ఇంటనున్న ఆ రెండవ మనిషికై, రోగి చేతికే అందుట కలదు. మొదటి పొట్లముయొక్క ప్రయాణము అక్కడనే, ఒక గ్లాసెడు మంచినీళ్ళతో ముగియును. రెండవదాని ప్రయాణము ఆసుపత్రి గడప దాటిన పిమ్మటనే మొదలగును.

అది చేరవలసిన చోటికి చేరుటకు నడుమ నున్నది ఒక్క మాట. ఆ మాట పలుకలేక కొందరు దానిని దారిలో కాలువలో విసరివేయుదురు. కొందరు బీరువా అడుగున దాచి మరచిపోదురు. మరికొందరు, తాము దయతో మెలగుచున్నామని మనసార నమ్ముచు, ఇంటికి వెళ్ళి, "డాక్టరు నీకు బలానికిచ్చాడు, అన్నం తిన్నాక వేసుకో" అని భార్య చేతిలో పెట్టుదురు. ఈ మూడవ మార్గమే నా దృష్టిలో మిక్కిలి ఆలోచింపదగినది. ఏలయన, విసరివేసినవాడు తాను చేసినది తప్పని యెరుగును. బలమునకని చెప్పి మ్రింగించినవాడు తన బాధ్యత తీరినదనుకొని నిద్రపోవును.

తీరినదా? ఆమెకు ఆ మందులలో ఏదేని పడని తత్త్వము ఉండవచ్చును. ఆమె అప్పుడే గర్భము ధరించియుండవచ్చును. అడిగి తెలిసికొను అవకాశము వైద్యునకు లేదు. ఇరువురును మందు మ్రింగిన పిమ్మట ఏడు దినములు సంగమము వర్జింపవలెనని ఆమెకు తెలియదు. సెగ (గనోరియా) పుట్టిన చోట సవాయి (సిఫిలిస్) గాని హెచ్.ఐ.వి. గాని పొంచియుండవచ్చును గనుక రక్తమును పరీక్ష చేయించుకొనవలెనని ఆమెతో ననువారు లేరు. చాలనాళ్ళుగా ఉన్న పొత్తికడుపు నొప్పి ఈ కోవకే చెందినదేమో, అండవాహికలు వాచి మూసికొనిపోవుచున్నవేమో యని ఆలోచించుటకు ఆమెకు ఆధారమే లేదు. అట్లు మూసికొనిపోయిన నాళములతో ఏండ్ల తరబడి పిల్లలకై డాక్టర్ల చుట్టును, మ్రొక్కుల చుట్టును తిరుగుచు, చుట్టపక్కాల నోట గొడ్రాలనిపించుకొను స్త్రీకి, ఆ దుఃఖమునకు మూలము తనకెన్నడును చెప్పబడని ఒక చిన్న జబ్బని తెలియకుండుట యెంతటి అన్యాయము! మందు ఆమె దేహములోనికి పోయినది; తెలివిడి పోలేదు. మనిషికి తెలియకుండ ఆమెకు వైద్యము చేయు అధికారము భర్తకు ఎవరు ఇచ్చిరి?

నేను ఈ వ్యాసమున చెప్పదలచినది ఇంతే: సుఖవ్యాధి సంగతి జీవితభాగస్వామికి తెలుపుట నేరమునొప్పుకొనుటగా మనము భావించుచున్నాము, అది ఆమె శరీరమునకు సంబంధించిన వార్తను ఆమెకు, అతని శరీరమునకు సంబంధించిన వార్తను అతనికి అందజేయుట మాత్రమే. ఈ రెండు పనులను వేరుచేయలేకపోవుటవలననే నాలుక మడతపడుచున్నది. సుఖవ్యాధి యనగనే, అది సోకిన తేదీయు, సోకించినవారి పేరును, సోకినవారి శీలమును ఆ రక్తపరీక్ష కాగితముమీదనే అచ్చైయున్నట్లు మనవారు చదువబూనుదురు. ఆ కాగితములో అవేవియు లేవు.

ఈ మాట ఓదార్పునకై చెప్పుట లేదు. క్రిముల స్వభావమే అట్టిది. సవాయి యని పెద్దలు పిలిచిన సిఫిలిస్‌ను గైకొందము: క్రిమి ప్రవేశించిన పిమ్మట పది దినములకు గాని తొంబది దినములకు గాని ఒక పుండు లేచును, దానికి నొప్పి యుండదు, స్త్రీకైన యెడల అది కంటికి కానరాని తావున ఉండవచ్చును, మందు వేయకున్నను కొన్ని వారములలో తనంత తానే మానిపోవును. తరువాత అరచేతులలోను అరికాళ్ళలోను దద్దురు తేలి, అదియు మాయమై, పిమ్మట ఏండ్లకొలది దేహమున నిశ్శబ్దముగ దాగియుండును. క్లమీడియా సోకిన స్త్రీలలో అధికసంఖ్యాకులకు ఏ లక్షణమును కనుపింపదు. ట్రైకోమొనాస్ పురుషునిలో తరచు జాడ తెలియనీయదు. ఇక హెర్పిస్ నాడీమూలములలో నివాసమేర్పరచుకొని, మొదటి బొబ్బ నెలలకో, ఏండ్లకో పైకి వచ్చునట్లు చేయగలదు. ప్రపంచమున జననాంగ హెర్పిస్ వైరస్ గలవారు దాదాపు 50 కోట్లమంది యని అంచనా యుండగా, వారిలో పెక్కురకు అది తమలో నున్నదనియే తెలియదు. గర్భాశయ ముఖద్వారపు కాన్సరునకు కారణమగు హెచ్.పి.వి. మాట సరేసరి, లైంగికజీవనము గడుపువారిలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు అది సోకుచునేయుండును, ఎక్కువమందిలో రెండేండ్లలోపల తానై తొలగిపోవుచునేయుండును.

కావున పదేండ్ల కాపురము తరువాత ఒకరి దేహమున ఇట్టి వ్యాధి బయటపడినంతమాత్రమున, అది నిన్నటిదని గాని, పెండ్లికి పూర్వముదని గాని, వీరి నుండి వారికి వచ్చినదని గాని వైద్యుడు సైతము పెక్కుసందర్భములలో చెప్పజాలడు. మినహాయింపులు లేకపోలేదు. పురుషునకు సెగ సోకినచో సాధారణముగ వారములోపలనే చీము కనుపించును. అప్పుడు తేదీ దాచిన దాగదు. నిజముగనే మాట తప్పినవారు క్రిముల యీ మౌనమును తమ అబద్ధమునకు అడ్డుగ పెట్టుకొనుటకు నేను సమ్మతింపను. పరస్త్రీ సంబంధమో, పరపురుష సంబంధమో ఉన్నచో దాని లెక్క దానికి వేరుగ చెప్పుకొనవలసినదే. ఐతే వరుస ముఖ్యము. మొదట ఆరోగ్యవార్త, తరువాత కాపురపు లెక్క. రెండవదానికి ధైర్యము చాలక మొదటిదానిని మ్రింగివేయుట వలననే నష్టము ఇబ్బడియగుచున్నది.

ఇట్లు చెప్పుకొనక తప్పనివారు లోకమున ఏ కొందరో కారు. సెగ, సవాయి, క్లమీడియా, ట్రైకోమొనియాసిస్ అను నాలుగు కుదురగల వ్యాధులే పదునైదు మొదలు నలుబదితొమ్మిది ఏండ్ల వయస్సుగలవారిలో రోజుకు 10 లక్షలకు పైబడి కొత్తగా సోకుచున్నవని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కించినది. మన పల్లెలలో ఈ వార్త మొదట తెలియు చోటు ఒక్కొక్కప్పుడు గల్ఫు మెడికల్. కరీంనగరు, నిజామాబాదు, కోనసీమ, కడప ప్రాంతములనుండి అరబ్బు దేశములకు పోదలచినవారి రక్తమున హెచ్.ఐ.వి.ని, సిఫిలిస్‌ను వెదకుట అక్కడి నియమములలో నొకటి. అన్‌ఫిట్ అని కాగితము చేతికి వచ్చినవాడు, వీసాకై తెచ్చిన అప్పుతోపాటు ఆ కాగితమును జేబులో మడిచిపెట్టుకొని ఊరు చేరి, ఊపిరితిత్తిలో ఏదో మచ్చ యున్నదట యని నలుగురితోను చెప్పి, ఆ నలుగురిలో భార్యను కూడ చేర్చినచో, ఉద్యోగము పోయిన దినముననే ఆమె చికిత్సయు పోయినట్లే. బస్టాండు ప్రక్క లాడ్జీలలో గుప్తరోగములు కుదుర్తుమని బోర్డు కట్టుకొన్న వైద్యుల బేరము సాగుచుండుట ఇట్టి జేబులమీదనే.

అన్నిటికంటె క్లిష్టమైనది స్త్రీకి మొదట తెలియు సందర్భము. గర్భిణియైన ప్రతి స్త్రీకిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు చేయవలెనని యున్నది; భర్తకు చేయవలెనని అంత గట్టిగ యెవరును పట్టుపట్టరు. అందువలన ఆలుమగలిద్దరి దేహములందును వ్యాధి యున్నను, పరీక్ష ఆమెకే జరుగును గనుక ఆమెదే ముందు బయటపడును. ముందు బయటపడినది ఎవరిదో వారే మూలమని అత్తగారు, ఆడుబిడ్డలు, ఒక్కొక్కచో కన్నతల్లియు తీర్మానించెదరు. మొదట పరీక్షింపబడినవారు వేరు, మొదట సోకినవారు వేరు అను ఇంత స్థూలమైన భేదము తెలియకపోవుటచేత పుట్టింటికి చేరిన కోడండ్లెందరో! పుణేలోని సుఖవ్యాధుల చికిత్సాలయములలో జరిగి 1997లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి, భర్తను దప్ప అన్యునెరుగని గృహిణులలో హెచ్.ఐ.వి. యెంతగ వ్యాపించియున్నదో వైద్యలోకమునకు చూపినది. వారికి ఆపద వచ్చిన త్రోవ కాపురమే.

మరియొక మాట. చెప్పుటకు ముందు నిశ్చయము కావలెను. సిఫిలిస్‌ను వెదకు వి.డి.ఆర్.ఎల్. రక్తపరీక్ష మలేరియాలోను, కుష్ఠులోను, లూపస్ వంటి వ్యాధులలోను, కేవలము గర్భము ధరించినంతమాత్రమున సైతము అప్పుడప్పుడు అది లేకున్నను ఉన్నట్లు చూపును, టి.పి.హెచ్.ఏ. వంటి రెండవ పరీక్షతో ఖాయపరచుకొన్న తరువాతనే పెదవి కదపవలెను. ఖాయమైనచో ఆలస్యము కూడదు. తొలిదశ సిఫిలిస్‌కు చికిత్స 24 లక్షల యూనిట్ల బెంజతీన్ పెనిసిలిన్ ఇంజక్షను ఒక్కటి; పాతబడినదైనచో వారమునకొకటి చొప్పున మూడు. గర్భిణికి ఇది ప్రసవమునకు కనీసము ముప్పది దినములు ముందుగ అందినచో బిడ్డను కాపాడవచ్చును. భర్తకును వేయనియెడల ఆమెకు మరల సోకును; ఆ ముప్పది దినముల లెక్క మరల మొదటికి వచ్చును.

ఈ సూదిమందు లేని కాలమునాటి భయమే మనలను ఇంకను పాలించుచున్నదని నా అభిప్రాయము. 1901లో ఫ్రెంచి నాటకకర్త యూజేన్ బ్రియూ వ్రాసిన 'లెజ్ అవారియే' అను నాటకమున, సిఫిలిస్ సోకిన యువకుడొకడు, పెండ్లిని కొన్నేండ్లు వాయిదా వేయుమన్న వైద్యుని హితవును త్రోసిపుచ్చి, కట్నముతోను మర్యాదతోను ముడిపడిన సంబంధము చెడునని భయపడి, రహస్యమును దాచియే పెండ్లాడును. వ్యాధి బిడ్డకు సంక్రమించును. పాలిచ్చు దాదికిని ఆపద వాటిల్లబోవును. ఫ్రెంచి ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనను నిషేధించినది. ఆ యువకుని యెడల నాకు కొంత జాలి కలదు. నాటికి వాసర్మన్ పరీక్ష లేదు, అది 1906లో వచ్చినది. సాల్వర్‌సాన్ లేదు, అది 1910లో వచ్చినది. పెనిసిలిన్ సిఫిలిస్‌ను కుదుర్చునని తేలినది 1943లో. చెప్పినచో అతడు భార్యకు ఈయగలిగినది భయము తప్ప వేరొండు లేదు. నేడు చెప్పువాడు భయముతోపాటు మందును కూడ అదే చేతితో ఈయగలడు. ఐనను మన మౌనము 1901 నాటిదే.

హెచ్.ఐ.వి. విషయమున ఈ మార్పు మరింత ఆశ్చర్యకరము. మనదేశమున ప్రభుత్వము ఉచితముగ, ఆ వైరస్‌ను అణచు ఏ.ఆర్.టి. మందులిచ్చుట 2004లో ఆరంభమైనది. ఒకరికి వైరస్ ఉండి మరియొకరికి లేని దంపతులపై, చెన్నై, పుణే నగరములు కూడ పాలుపంచుకొనగా, పలుదేశములలో జరిగిన పరిశోధనము, ముందుగ మందు ప్రారంభించినచో సంక్రమణము 96 శాతము తగ్గునని 2011లో వెల్లడించినది. తరువాత 2016లోను, 2019లోను ఐరోపాలో వెలువడిన అధ్యయనములలో, మందు క్రమముగ వాడి రక్తమున వైరస్ కనబడనిస్థాయికి దిగినవారి నుండి సహచరునకు సోకిన సందర్భము ఒక్కటియు కానరాలేదు. హెర్పిస్‌ను పూర్తిగ తొలగించు మందు లేదు గాని, ప్రతిదినము వాలసైక్లోవిర్ వాడినచో సహచరునకు అంటుట దాదాపు సగమునకు తగ్గునని 2004 నుండియు తెలిసినదే. చెప్పువాని నోట ఈ విషయములు సిద్ధముగ ఉండవలెను. వినువారికి మొదట కలుగునది ప్రాణభయము. దానికి సమాధానము లేని మాట సగము మాట.

చట్టము ఈ విషయమున నడచిన దారి చెప్పుకొనదగినది. 1955 నాటి హిందూ వివాహచట్టమున అంటుకొను స్థితిలోనున్న సుఖవ్యాధి విడాకులకు కారణములలో నొకటిగ చేరినది. 1976 వరకు మూడేండ్లు వ్యాధి యుండవలెనను నియమముండెడిది, పిమ్మట అదియు పోయినది. 2019లో కుష్ఠును ఆ జాబితానుండి తొలగించిరి. సుఖవ్యాధి అట్లే మిగిలియున్నది. చెప్పినచో కాపురము కూలుననెడు భయమునకు ఈ వాక్యము కొంత ఊతమిచ్చుచున్నదని నేననుకొందును; పెనిసిలినుతో కుదురు జబ్బు విడాకులకు కారణముగ నిలిచియుండుట నాకు సబబుగ తోపదు. 1998లో సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చిన వ్యాజ్యమున, రక్తదానమునకై తీసిన రక్తములో హెచ్.ఐ.వి. బయటపడి, ఆ సంగతి ఆసుపత్రినుండి పొక్కి, నిశ్చయమైన పెండ్లి ఆగిపోయిన వ్యక్తి, తన గోప్యతకు భంగము కలిగినదని వాదింపగా, కాబోవు వధువుయొక్క ప్రాణహక్కు ముందు ఆ గోప్యత నిలువజాలదని న్యాయస్థానము తీర్మానించెను.

2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ఇంకను సూక్ష్మముగ ఆలోచించినది. భాగస్వామికి వైద్యుడు గాని కౌన్సెలరు గాని తప్ప అన్యులు చెప్పరాదు. వారును, ఆపద గట్టిదని నమ్మి, రోగికి నచ్చజెప్పి చూచి, అతడు చెప్పడని తేల్చుకొని, తాము చెప్పబోవుచున్నామని అతనికి ముందే తెలిపిన పిమ్మటనే చెప్పవచ్చును. ఆ సమాచారమువలన హింసయో, ఇంటినుండి గెంటివేతయో జరుగునని భయపడుటకు తగిన కారణమున్నచోట, ముఖ్యముగ స్త్రీల విషయమున, చెప్పరాదు. ఈ చివరి మాటను వ్రాసినవారికి మన యిండ్లు బాగుగ తెలియును. చెప్పుము చెప్పుమని నేను ఇంత నొక్కిచెప్పుచున్నను, తాగివచ్చి కొట్టు భర్త యెదుట ఒంటరిగ నిలిచి చెప్పుమని ఏ స్త్రీకిని సలహా ఇయ్యను. ఆమె కౌన్సెలరుతో మాటలాడవచ్చును. భర్తను ఏదేని సాధారణపరీక్ష పేరుతో ఆసుపత్రికి రప్పించి, వైద్యుడే చెప్పు ఏర్పాటు చేసికొనవచ్చును. 1097 అను ఉచిత ఫోను ఇట్టి సలహాకు, 181 ఆపదలోనున్న స్త్రీకి ఉన్నవి.

ఇక ఎట్లు చెప్పవలెను? పడకమీద కాదు, తాగినపుడు కాదు, పండుగకు వచ్చిన బంధువుల నడుమ కాదు. పిల్లలు బడికి పోయిన పూట, మరల పని తొందర లేనపుడు, కూర్చుండి, పేరు పెట్టి చెప్పవలెను. "నీతో ఒక మాట చెప్పాలి. నా రక్తపరీక్షలో సిఫిలిస్ అని తేలింది. అది సుఖవ్యాధి. నయమయ్యేదే, నేను ఇంజక్షను వేయించుకున్నాను. నీకూ ఉండవచ్చు, అందుకని నీకూ పరీక్ష చేయించాలి. రేపు ఇద్దరం కలిసి వెళదాం. నువ్వేమడిగినా చెబుతాను" అని భర్త అనగలిగినచో, అందులో అలంకారమేమియు లేదు గాని అవసరమైనదంతయు ఉన్నది. "ఏవండీ, మొన్న నెలపరీక్షలో నా రక్తంలో ఒకటి బయటపడింది. ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఈ పరీక్షలో తెలియదట. మీరూ చూపించుకోకపోతే బిడ్డకి ప్రమాదమని డాక్టరమ్మ చెప్పారు" అని భార్య మాట. ఇంకను పెండ్లి కాక కొత్తగ దగ్గరగుచున్న యువతీయువకులైనచో, సంగమమునకు పూర్వమే చెప్పుట న్యాయము. తరువాత చెప్పునది సమాచారమే యగును గాని, ఎదుటివారికి ఎంచుకొను స్వాతంత్ర్యము అప్పటికే పోయియుండును. ఎదుట నిలిచి చెప్పలేనివారికి ఉత్తరమో, ఫోనో తక్కువది కాదు. 2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, పేరు తెలుపకయే పాత సహచరులకు పరీక్ష చేయించుకొమ్మని ఈమెయిలు కార్డు పంపు సౌకర్యమును ఏర్పరచిరి. ముఖాముఖికి అది సాటి రాదు గాని, మౌనముకంటె వేయిరెట్లు మేలు.

వినువారి వంతు కూడ కొంత కలదు. మొదటి ప్రశ్న "ఎవరు?" అని గాక "ఇప్పుడేం చేయాలి?" అని యుండుట కష్టము, అట్లుండవలెనని శాసించుటకు నాకు అధికారము లేదు. కోపము, ఏడ్పు, కొన్నాళ్ళ మౌనము సహజము. చెప్పినవారు ఆ కోపమును భరించుటకు సిద్ధపడి యుండవలెను. కాని పరీక్షను మాత్రము కోపము తగ్గువరకు వాయిదా వేయరాదు.

చికిత్సతో ఈ సంభాషణ ముగియదు. సిఫిలిస్‌కు ఇంజక్షను వేయించుకొన్నవారు ఆరు నెలలకును, పండ్రెండు నెలలకును వి.డి.ఆర్.ఎల్. మరల చేయించుకొని, అందలి అంకె నాలుగింతలు తగ్గినదో లేదో చూచుకొనవలెను. క్లమీడియా, సెగ తగ్గినవారు మూడు నెలలకు మరియొకమారు పరీక్షకు వెళ్ళుట మంచిది. మందు తీసికొనని సహచరునినుండి మరల సోకుట అంత సామాన్యము. కాబట్టి ఆ తేదీలు ఇద్దరికిని తెలియవలెను, ఆసుపత్రికి ఇద్దరును పోవలెను. మొదటిమారు చెప్పుటకు వారములు పట్టినవారికి సైతము, ఆరు నెలల తరువాత "రేపు పరీక్షకి వెళ్ళాలి, గుర్తుందా?" అని అడుగుటకు క్షణము చాలును.